పెడల్ తొక్కే కాలు లేని స్టార్టర్: పాత కార్బ్యురేటర్ కారుకు రిమోట్ పెడితే

దూరం నుంచే మీట నొక్కి బండిని స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టర్ కిట్లు అమ్మేవాళ్లు పాత కార్ల యజమానులతో తరచూ ఒక మాట అంటారు: మీ బండిలో కంప్యూటర్ లేదు, చిప్ ఉన్న తాళం లేదు, నాలుగు వైర్లు కలిపితే పని అయిపోతుంది. ఇందులో అబద్ధం లేదు. కొత్త కార్లు తాళంలోని చిప్‌ను గుర్తుపట్టనిదే స్టార్ట్ కావు. ఆ కాపలాను దాటించడానికి వేరే పెట్టె ఒకటి కొని తగిలించాలి. 1978 నాటి షెవ్రొలే కాప్రిస్‌కు ఆ బాధ లేదు. ఇగ్నిషన్ స్విచ్చి వెనకున్న వైర్లకు కరెంటు అందిస్తే స్టార్టర్ తిరుగుతుంది. తిరుగుతుంది, సరే. ఇంజన్ అందుకుంటుందా, అందుకున్నాక నిలుస్తుందా, ఆగమన్నప్పుడు ఆగుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే పాత పరికరం) ఉన్న బండిలో వాటికి జవాబు వైర్లలో దొరకదు. యాక్సిలరేటర్ మీద పెట్టే కాలు చేసే పనిలో ఉంది.

ఈ సదుపాయానికి గిరాకీ ఎక్కువగా చలి ప్రాంతాల్లోనే. అమెరికాలో మిన్నెసోటా, ఉత్తర డకోటా, కెనడాలో మానిటోబా వంటి చోట్ల జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలకు దిగడం వింతేమీ కాదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఆ ఉదయాలు బాగా తెలుసు: అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకాలి, రాయిలా బిగిసిన సీటు మీద కూర్చోవాలి, హీటరు వేడి గాలి ఇచ్చేసరికి ఆఫీసు వచ్చేస్తుంది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి మీట నొక్కితే బండి తనంతట తాను వేడెక్కుతుందంటే ఎవరికి చేదు?

చిత్రమేమిటంటే, ఫ్యూయెల్ ఇంజెక్షన్ (కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మే పద్ధతి) ఉన్న కారుకు ఈ వేడెక్కడం పెద్దగా అవసరం లేదు. స్టార్ట్ చేసి, అర నిమిషం ఆగి, మెల్లగా నడిపేయవచ్చు. అక్కడ రిమోట్ లోపల కూర్చునే మనుషుల సుఖం కోసమే. కార్బ్యురేటర్ బండి అలా ఒప్పుకోదు. చల్లగా ఉండగా కదిలిస్తే దగ్గుతుంది, వెనక్కి గుంజుతుంది, సరిగ్గా నాలుగు రోడ్ల మధ్యలో ఆగిపోతుంది. ముందుగా వేడెక్కడం నిజంగా అవసరమైన బండి ఇదే. దూరం నుంచి స్టార్ట్ చేయడానికి లొంగని బండీ ఇదే.

పెడల్ ఒక్కసారి తొక్కి వదిలితే

కార్బ్యురేటర్ రోజుల అమెరికన్ కారుతో వచ్చే యజమాని పుస్తకంలో చలి ఉదయానికి ఒక పద్ధతి రాసి ఉండేది. తాళం తిప్పకముందు యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి ఒకసారి వదలాలి. తర్వాత కాలు తీసేసి తాళం తిప్పాలి. చూడటానికి ఇంతే. ఆ ఒక్క తొక్కుడుతో బానెట్ కింద మూడు పనులు జరుగుతాయి.

జనరల్ మోటార్స్ 1965 నుంచి దాదాపు పాతికేళ్లు వాడిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌నే చూద్దాం. పెడల్ కదలగానే దాని లోపలి యాక్సిలరేటర్ పంపు గిన్నెలోని పెట్రోలును సన్నటి ధారలుగా ఇంజన్ నోట్లోకి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, టార్చి వేసి, థ్రాటిల్ (ఇంజన్‌లోకి పోయే గాలిని పెంచి తగ్గించే, పెడల్‌కు కట్టిన తలుపు) మీటను చేత్తో కదిపితే ఆ ధారలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండోది చోక్. కార్బ్యురేటర్ నోటి దగ్గర గాలిని అడ్డుకునే రేకు ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పేది గడియారం స్ప్రింగులా చుట్టిన రెండు లోహాల పట్టీ. చలికి అది బిగుసుకుని రేకును మూసే వైపు లాగుతుంది, వేడికి సడలి తెరుస్తుంది. అయితే స్ప్రింగు ఎంత లాగినా, పెడల్ తొక్కేదాకా రేకు మూతపడదు. ఫాస్ట్ ఐడిల్ క్యామ్ అనే చిన్న ముక్క, అంచున మెట్లు కోసి ఉన్నది, థ్రాటిల్ స్క్రూకు ఆనుకుని అడ్డంగా నిలుస్తుంది. పెడల్ తొక్కితే స్క్రూ పక్కకు జరుగుతుంది, క్యామ్ స్వేచ్ఛగా తిరిగి పై మెట్టుకు వస్తుంది, చోక్ రేకు టప్పున మూతపడుతుంది. పెడల్ వదిలాక స్క్రూ ఆ పై మెట్టు మీద వాలుతుంది. దాంతో థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. ఇంజన్ అందుకున్నాక నిమిషానికి 600 చుట్ల బదులు 1,500కు అటూ ఇటూ తిరుగుతూ నిలదొక్కుకుంటుంది.

ఇదంతా ఎందుకంటే, చలిలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. మంటకు పనికొచ్చేది ఆవిరే, ద్రవం కాదు. గడ్డకట్టిన ఇనుప గొట్టాల్లో ఎక్కువ భాగం గోడలకు అంటుకుని నిలిచిపోతుంది. అందుకే గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పోస్తేగానీ, కాలడానికి చాలినంత ఆవిరి సిలిండర్‌కు చేరదు. రిమోట్ స్టార్టర్ ఈ పనుల్లో ఒక్కటీ చేయదు. చోక్ తెరిచే ఉంటుంది, పంపు చిమ్మదు, క్యామ్ కింది మెట్టు మీదే ఉంటుంది. స్టార్టర్ ఎంతసేపు తిరిగినా ఇంజన్ ఒకటి రెండు సార్లు దగ్గి ఊరుకుంటుంది.

రాత్రి బండి ఆపాక ఒకసారి పెడల్ తొక్కి పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. తెలివైన ప్రశ్నే. కానీ అప్పుడు ఇంజన్ వేడిగా ఉంటుంది, చోక్ స్ప్రింగు సడలి ఉంటుంది, క్యామ్ పైకి తిరగదు. జరిగేదల్లా వేడి ఇంజన్‌లోకి కొంచెం పెట్రోలు చిమ్మడమే. తెల్లవారేసరికి అదీ ఆవిరైపోతుంది.

వేడిలో కథ తలకిందులవుతుంది. ఎండలో నడిపి అరగంట ఆపిన బండిలో ఇంజన్ వేడికి కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలు మరిగి లోపలికి కారుతుంది. ఇంజన్ మునిగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు అనుభవమున్నవాళ్లు పెడల్‌ను కొట్టరు. అడుగుదాకా మెల్లగా నొక్కి, అలాగే పట్టుకుని, గాలి ఎక్కువ పోయేలా చూస్తూ స్టార్టర్ తిప్పుతారు. చలికి ఒకసారి తొక్కి వదలాలి, వేడికి తొక్కి పట్టుకోవాలి. రెండింటిలో ఏది కావాలో డ్రైవరు స్టార్టర్ తిరిగే చప్పుడు, పెట్రోలు వాసన బట్టి తేల్చుకుంటాడు. కార్బ్యురేటర్ బండికి అమ్మే మామూలు కిట్లలో వాసన చూసే భాగం ఉండదు.

వైర్లు: రంగును నమ్మవద్దు

వైర్ల పని తేలికే, కానీ అశ్రద్ధగా చేసేంత తేలిక కాదు. స్టీరింగ్ కింద తొడుగు విప్పితే ఇగ్నిషన్ స్విచ్చి నుంచి దిగే లావు వైర్ల కట్ట కనిపిస్తుంది. జనరల్ మోటార్స్ పాత కార్లలో ఇగ్నిషన్ వైరు గులాబీ రంగులో, స్టార్టర్ వైరు ఊదా రంగులో ఉండటం రివాజు. అయినా నలభై ఏళ్లలో ఆ కట్ట మీద ఎందరి చేతులు పడ్డాయో తెలియదు. ఒకరు రేడియో పెట్టి ఉంటారు, ఇంకొకరు దొంగల అలారం పెట్టి తీసేసి ఉంటారు. కాబట్టి రంగు చూసి కాదు, మల్టీమీటరు పెట్టి ప్రవర్తన చూసి గుర్తించాలి. తాళం ఎటు తిప్పినా 12 వోల్టులు చూపేది బ్యాటరీ వైరు. తాళం 'ఆన్'లో ఉన్నప్పుడూ, స్టార్టర్ తిరిగేటప్పుడూ వోల్టులు చూపేది అసలైన ఇగ్నిషన్. ఆన్‌లో చూపి, స్టార్టర్ తిరిగే క్షణంలో సున్నాకు పడేది హీటరు, రేడియో వంటి వాటిది. స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రమే చూపేది స్టార్టర్ వైరు.

ఇంకో వైరు కూడా ఉండవచ్చు. చాలా ఇళ్లలో పని చెడేది అక్కడే. పాయింట్లు (కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చి) ఉన్న బండిలో, నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజి పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు ఎల్లప్పుడూ 12 వోల్టులు ఇస్తే వేడెక్కి పాడవుతుంది. అందుకని మధ్యలో బ్యాలస్ట్ రెసిస్టర్ పెట్టి, నడిచేటప్పుడు సుమారు 7 నుంచి 9 వోల్టులే అందిస్తారు. అయితే స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ పడిపోతుంది గనుక, ఆ కొద్ది సెకన్లు రెసిస్టర్‌ను తప్పించి నేరుగా కాయిల్‌కు కరెంటు పంపే వేరే దారి ఉంటుంది. 1970ల క్రైస్లర్, డాడ్జ్, ప్లిమత్ కార్లలో అది ఇగ్నిషన్ స్విచ్చి నుంచే వేరే వైరుగా వస్తుంది. ఫోర్డ్ కార్లలో మడ్‌గార్డు లోపలి గోడకు బిగించిన స్టార్టర్ రిలే మీద 'ఐ' అని గుర్తున్న చిన్న బోల్టు నుంచి వెళుతుంది. ఫోర్డ్‌లో రిలేకు కరెంటు అందితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. క్రైస్లర్‌లో మాత్రం రిమోట్ స్టార్టర్ రెండు ఇగ్నిషన్ వైర్లకూ విడివిడిగా కరెంటు ఇవ్వాలి. రెండోదాన్ని మరిచిపోతే స్టార్టర్ తిరిగినంతసేపు కాయిల్‌కు కరెంటే అందదు. స్టార్టర్ వదిలిన క్షణంలో మాత్రం ఇంజన్ ఒక్కసారి దగ్గుతుంది. ఈ లక్షణం కనబడితే కార్బ్యురేటర్ విప్పి సమయం పాడుచేసుకోవద్దు. రెండింటినీ కలిపి ఒకే వైరుగా ముడేస్తే రెసిస్టర్ పని రద్దయిపోతుంది, కాయిల్ మెల్లగా కాలుతుంది. జనరల్ మోటార్స్ వాళ్లు 1975కల్లా తెచ్చిన, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ హెచ్‌ఈఐ ఇగ్నిషన్‌కు నిండా 12 వోల్టులు కావాలి. మనం తీసుకున్న కాప్రిస్‌కు ఈ చిక్కు లేదు.

ఇంకా పాత బండ్లయితే ముందు బ్యాటరీ చూడాలి. 1950ల తొలి సగం దాకా చాలా అమెరికన్ కార్లు 6 వోల్టులవి. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొస ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. ఆ రెంటికీ ఇప్పటి కిట్లు పనికిరావు.

స్టార్ట్ అయిందని పెట్టెకు ఎలా తెలుస్తుంది

మనిషికి చెవులున్నాయి. రిమోట్ స్టార్టర్ పెట్టెకు రెండు దారులున్నాయి. మొదటిది వోల్టేజి. ఇంజన్ తిరిగితే ఆల్టర్నేటర్ చార్జి చేస్తుంది, 12 చిల్లర వోల్టులు 14 దాకా పెరుగుతాయి, స్టార్ట్ అయిందని అర్థం. రెండోది కాయిల్ నెగటివ్ కొస నుంచి వచ్చే స్పందనలు లెక్కించడం. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు 4 నిప్పురవ్వలు. నిమిషానికి 600 చుట్లంటే సెకనుకు 40. స్టార్టర్ తిప్పేటప్పుడు 200 చుట్లనుకుంటే సెకనుకు 13. ఈ తేడా చూసి పెట్టె స్టార్టర్‌ను వదిలేస్తుంది.

వోల్టేజి పద్ధతి పాత బండికి తగదని నా అభిప్రాయం. చలిలో బ్యాటరీ నీరసంగా ఉంటుంది, పాత రెగ్యులేటర్ తీరిగ్గా స్పందిస్తుంది. ఈలోగా స్టార్టర్ ఇంజన్‌తో పాటు గిరగిర తిరిగి పళ్లు అరగదీసుకుంటుంది. కాయిల్ వైరే నయం. అయితే అక్కడ పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ 200 నుంచి 400 వోల్టుల తాకిడి పుడుతుంది. కిట్ తయారీదారు ఆ వైరుకు ప్రత్యేక రక్షణ ఇచ్చాడో లేదో చదివి మరీ కలపాలి.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. ఇంజెక్షన్ ఇంజన్ అందుకుందంటే అందుకున్నట్టే. కార్బ్యురేటర్ ఇంజన్ చలిలో అలా కాదు. రెండు సిలిండర్లు వెలుగుతాయి, చుట్లు ఒక్క క్షణం 400 దాటుతాయి, మళ్లీ పడిపోతాయి. డ్రైవరు ఆ క్షణంలో తాళం వదలడు. ఇంకాస్త తిప్పుతూ పెడల్‌ను వెంట్రుక వాసి నొక్కి ఇంజన్‌ను బతిమాలుతాడు. పెట్టె మాత్రం స్టార్ట్ అయిందనుకుని వదిలేస్తుంది, ఇంజన్ చస్తుంది, పెట్టె కాసేపాగి మళ్లీ మొదలెడుతుంది. ఇలా రెండు మూడు ప్రయత్నాలు. అక్కడి బ్యాటరీల మీద రాసే చలి స్టార్టింగ్ ఆంపియర్లు మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు ఇవ్వగలిగేవి. దానికంటే చలిగా ఉన్న ఉదయం, ఏళ్లు గడిచిన బ్యాటరీతో ఈ ప్రయత్నాలన్నీ అయ్యాక యజమాని వచ్చి స్వయంగా తాళం తిప్పితే 'టక్' అనే చప్పుడే మిగులుతుంది.

పెట్రోలు పంపు సంగతీ గుర్తుంచుకోవాలి. ఈ కార్లలో చాలావాటికి పంపు ఇంజన్ పక్కన ఉండే డయాఫ్రమ్ పంపే. క్యామ్‌షాఫ్ట్ తిరిగితేనే అది పెట్రోలు తోడుతుంది. వారం రోజులు కదలని బండిలో కార్బ్యురేటర్ గిన్నె ఆవిరై ఖాళీ అవుతుంది, మళ్లీ నిండేదాకా స్టార్టర్ తిరుగుతూనే ఉండాలి. రోజూ నడిపే బండికి ఈ సమస్య లేదు. సెలవు రోజు మాత్రమే బయటికి తీసే బండికి రిమోట్ పెట్టడం ఈ ఒక్క కారణంగానే దండగ.

కాలికి బదులు ఏమిటి

ఉత్సాహవంతులు పట్టుకున్న ఉపాయం తలుపులకు వాడే సెంట్రల్ లాకింగ్ మోటారును కార్బ్యురేటర్ పక్కన బిగించి, చిన్న గొలుసుతో థ్రాటిల్ మీటకు కట్టడం. స్టార్టర్ తిరగడానికి ముందు అర సెకను కరెంటు ఇస్తే అది మీటను ఒకసారి లాగి వదులుతుంది. పంపు చిమ్ముతుంది, చోక్ మూతపడుతుంది, క్యామ్ పైకెక్కుతుంది. ఉపాయం పనిచేస్తుంది. నాకు భయం వేసేదీ ఇక్కడే. ఆ మోటారు తుప్పుపట్టి లాగిన స్థితిలోనే ఇరుక్కుందనుకోండి, థ్రాటిల్ బార్లా తెరిచి ఉండగా ఖాళీ బండిలో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. గొలుసు వదులుగా ఉండాలి, మోటారు లాగగలగాలే తప్ప పట్టుకుని నిలబెట్టగలగకూడదు, థ్రాటిల్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు ఉండాలి, ఇంజన్ చుట్లు హద్దు దాటితే ఇగ్నిషన్ ఆరిపోయే ఏర్పాటు ఉండాలి. ఇవన్నీ చేయగలిగిన చేతులకు మాత్రమే ఈ పని తగుతుంది.

ఇంజన్ అందుకున్నాక కూడా కాలి పని తీరదు. చోక్ స్ప్రింగు వేడెక్కి రేకును తెరిచినా, క్యామ్ కింది మెట్టుకు దిగాలంటే పెడల్ ఒకసారి తాకాలి. స్క్రూ బరువు దాన్ని పట్టేసి ఉంచుతుంది. డ్రైవరు బండి నడుపుతూ తెలియకుండానే ఈ పని చేస్తాడు. ఖాళీ బండి మాత్రం వేడెక్కాక కూడా 1,500 దాటిన చుట్లతో హోరుమంటూనే ఉంటుంది. పది నిమిషాల తర్వాత గడువు తీరి పెట్టె ఇగ్నిషన్ ఆపుతుంది. అప్పుడు మరో తమాషా. థ్రాటిల్ కాస్త తెరిచే ఉంది, సిలిండర్లలో మసి నిప్పుకణికలా కాలుతోంది, పెట్రోలు వస్తూనే ఉంది. నిప్పురవ్వ లేకపోయినా ఇంజన్ గడగడ వణుకుతూ ఇంకాసేపు తిరుగుతుంది. దీన్నే మెకానిక్కులు డీజిలింగ్ అంటారు. 1970ల కార్లలో చాలావాటికి దీన్ని ఆపేందుకు ఐడిల్ సొలెనాయిడ్ పెట్టారు: తాళం తీయగానే థ్రాటిల్‌ను పూర్తిగా మూయడానికో, పెట్రోలు దారిని కట్టేయడానికో. థ్రాటిల్‌ను మూసే రకం, స్క్రూ ఫాస్ట్ ఐడిల్ మెట్టు మీద ఉన్నంతసేపు ఏమీ చేయలేదు. పెట్రోలు కట్టేసే రకమే ఇక్కడ పనికొస్తుంది. దాని వైరు రిమోట్ ఇచ్చే ఇగ్నిషన్‌తో పాటే ఆరేలా చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ చోక్‌కు మారితే బాగుంటుందని కొందరంటారు. కొంత బాగుంటుంది. కానీ దాన్ని నేరుగా ఇగ్నిషన్ వైరుకు కలిపితే, ఇంజన్ తిరిగినా తిరగకపోయినా చోక్ వేడెక్కి తెరుచుకుంటుంది. మూడో ప్రయత్నానికి చలి ఇంజన్ మీద తెరిచిన చోక్ మిగులుతుంది. ఫోర్డ్ ఇంజనీర్లు అందుకే దానికి కరెంటును ఆల్టర్నేటర్‌లోని స్టేటర్ కొస నుంచి తీసుకున్నారు. ఇంజన్ తిరిగితేనే అక్కడ కరెంటు ఉంటుంది. పాతకాలపు ఆలోచనల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

గేరు, బానెట్, పొగ

ఆటోమేటిక్ గేరు బండ్లు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ కావాలి. స్టార్టర్ వైరు మధ్యలో స్విచ్చి ఉండి ఆ పని చూస్తుందని అందరూ అనుకుంటారు. కానీ జనరల్ మోటార్స్ పాత కార్లు, ట్రక్కుల్లో కొన్నింటికి అలాంటి స్విచ్చి లేదు. స్టీరింగ్ కాలమ్ లోపల ఒక ఇనుప ముక్క, గేరు వేసి ఉంటే తాళం స్టార్ట్ దాకా తిరగకుండా అడ్డుకుంటుంది. తాళంతో ఎంత పరీక్షించినా బండి భద్రంగానే కనిపిస్తుంది. రిమోట్ స్టార్టర్ తాళం తిప్పదు, తాళం వెనక వైరుకు కరెంటు ఇస్తుంది. ఆ ఇనుప ముక్కకు అసలు పని పడదు. బండి డ్రైవ్‌లో ఉంటే స్టార్టర్ తిరిగి, ఇంజన్ అందుకుని, బండి ముందుకు కదులుతుంది. అందుకని కిట్ పెట్టాక చేయాల్సిన తొలి పరీక్ష ఇది: ఎదురుగా ఎవరూ లేని చోట, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, లోపల కూర్చుని బ్రేక్ మీద కాలుంచి, గేరు డ్రైవ్‌లో పెట్టి రిమోట్ నొక్కాలి. బ్రేక్ తొక్కితే రద్దయ్యే కిట్ అయితే, పరీక్ష కోసం ఆ వైరును విడదీసి, హ్యాండ్ బ్రేక్ మీద ఆధారపడి చేయాలి. స్టార్టర్ ఉలికిపడినా సరే, గేరు లీవరుకు విడిగా స్విచ్చి పెట్టేదాకా ఆ కిట్ వాడకూడదు.

బానెట్ కింద పిన్ స్విచ్చి తప్పనిసరి. మూత తెరిచి ఉంటే రిమోట్ పనిచేయకూడదు. ఈ బండ్లలో ఫ్యాను ఇంజన్‌కు బెల్టుతో కట్టి ఉంటుంది, ఇంజన్ కదిలిందంటే ఫ్యానూ కదిలినట్టే. ఇంట్లో పిల్లాడు రిమోట్‌తో ఆడుకుంటుండగా మెకానిక్ చెయ్యి అక్కడ ఉండవచ్చు.

పొగ గురించి ఎంత చెప్పినా తక్కువే. చోక్ మూసిన కార్బ్యురేటర్ ఇంజన్, క్యాటలిటిక్ కన్వర్టర్ లేనిదైతే, పొగలో కార్బన్ మోనాక్సైడ్ శాతాల్లో ఉంటుంది. పోల్చడానికి, మన దేశంలో పాత పెట్రోలు కార్లకు కాలుష్య తనిఖీలో అనుమతించే హద్దే 3 శాతం, అదీ వేడెక్కిన ఇంజన్‌కు. గాలిలో ఆ వాయువు 1.28 శాతానికి చేరితే మనిషి మూడు నిమిషాల లోపే చనిపోవచ్చు. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో నిలిపిన బండికి రిమోట్ పెట్టడమంటే, జేబులో పొరపాటున నొక్కుకునే మీట ఒకటి పడకగది పక్కన పెట్టుకోవడమే. అలాంటి ఇళ్లకు ఈ కిట్ వద్దని నేను నిక్కచ్చిగా చెబుతాను.

నిజానికి ఆ చలి ప్రాంతాల్లో కార్బ్యురేటర్ బండికి పాత మందు వేరే ఉంది: బ్లాక్ హీటర్. ఇంజన్ నీటిని రాత్రంతా వెచ్చగా ఉంచే కరెంటు కడ్డీ అది. మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో పార్కింగ్ స్థలాల్లో కార్ల ముందు ప్లగ్గులు ఉండటం దీనికోసమే. వెచ్చటి ఇంజన్ పెడల్ ఒక్కసారి తొక్కగానే అందుకుంటుంది. ఇంకా కావాలంటే కార్బ్యురేటర్ స్థానంలోనే కూర్చునే ఇంజెక్షన్ థ్రాటిల్ బాడీలు దొరుకుతున్నాయి. ఖర్చు వెయ్యి డాలర్ల పైమాటే. కానీ చోక్, క్యామ్, పంపు గొడవలన్నీ ఒక చిన్న కంప్యూటర్‌కు అప్పగించినట్టు అవుతుంది. దానికిచ్చే ఇగ్నిషన్ వైరు స్టార్టర్ తిరిగేటప్పుడు కూడా ఆరిపోని రకమై ఉండాలి, అంతే.

మారుతి 800కి పెట్టవచ్చా

మన దగ్గర ఈ ప్రశ్న చలి కోసం రాదు, ఏసీ కోసం వస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారు ఎక్కేముందే చల్లబడితే ఎంత హాయి! 2000 సంవత్సరం ప్రాంతంలో ఇంజెక్షన్ వచ్చేదాకా 800 కార్బ్యురేటర్ బండే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలదీ అదే జాతి. వీటన్నిటికీ ఉన్న మొదటి అడ్డంకి చేతి గేరు. మన అలవాటు బండిని మొదటి గేరులో పెట్టి దిగడం, వాలు మీదైతే మరీ. ఆ బండికి రిమోట్ నొక్కితే స్టార్టర్ మోటారే దాన్ని ముందుకు దూకిస్తుంది. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే స్విచ్చి ఈ కార్లలో లేదు. చేతి గేరు బండ్ల కోసమే తయారైన కిట్లలో ఒక జాగ్రత్త ఉంటుంది: ఇంజన్ తిరుగుతుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం తీసి, దిగి తలుపులు వేస్తే అప్పుడు పెట్టె ఇంజన్‌ను ఆపుతుంది. తర్వాత ఏ తలుపు తెరిచినా రిమోట్ రద్దవుతుంది. ఇది పనిచేయాలంటే అన్ని తలుపుల స్విచ్చులూ, హ్యాండ్ బ్రేకూ నమ్మకంగా పనిచేయాలి. పాతికేళ్ల బండిలో ముందు చెడేవి అవే.

రెండోది, 800లో డాష్‌బోర్డు మీద చేత్తో లాగే చోక్. శీతాకాలపు ఉదయం అదిలాబాద్‌లో దాన్ని లాగి ఉంచి రిమోట్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. తర్వాత నెట్టేవాళ్లు ఉండరు. పది నిమిషాలు నిండు చోక్‌తో తిరిగిన ఇంజన్‌లో ప్లగ్గులు నల్లబడతాయి, పచ్చి పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఎండాకాలం చోక్ అక్కర్లేదు నిజమే, కానీ అప్పుడు మరిగిన పెట్రోలు సమస్య ఎదురవుతుంది. డైనమో ఉన్న పాత పద్మిని, అంబాసిడర్లలో ఇంకో చిక్కు: ఐడ్లింగ్‌లో డైనమో చార్జి చేయదు, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. వోల్టేజి చూసి పనిచేసే కిట్‌కు ఇంజన్ స్టార్ట్ అయిందని ఎప్పటికీ తెలియదు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తున్న ఈ రోజుల్లో పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్‌లు ఉబ్బి పగిలే అవకాశం ఎక్కువ. కారుతున్న గొట్టం పక్కన మనిషి లేకుండా ఇంజన్ స్టార్ట్ కావడం మంచి ఆలోచన కాదు. గొట్టాలన్నీ మార్చాకే మిగతా మాట.

చట్టం కూడా ఒక మాట చెబుతోంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో బండి నిలిపినప్పుడు డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్న మనిషైనా ఉండాలి, లేదా ఇంజన్ ఆపి, బ్రేక్ వేసి, బండి తనంతట తాను కదలకుండా చూడాలి. ఖాళీ బండిలో ఇంజన్ తిరగడం ఈ రెంటిలో దేనికిందికీ రాదు. రోడ్డు పక్కన నిలిపే బండికి రిమోట్ పెట్టుకుంటే అది వాడిన ప్రతిసారీ ఉల్లంఘనే. సొంత ఆవరణ ఉన్నవాళ్లకు ఆ అడ్డు లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపేవాళ్లకు మాత్రం పొగ సంగతి మళ్లీ వర్తిస్తుంది. పైగా అక్కడ పక్కనే వాచ్‌మన్ కుటుంబం నివసించే గది ఉండటం మన ఊళ్లలో మామూలే.